లాల్‌ఖదాన్ అత్తగారి అంబలి

రిటైరయ్యాక పొద్దున లేవగానే, ఎవరూ తొందరపెట్టకుండా, వేడి వేడి టీ తాగుతూ కూర్చోవాలని సర్వీసంతా ఆశపడ్డాను. తీరా రిటైరయ్యే ఏడాదే నాకూ థైరాయిడ్ బయటపడింది. ఇప్పుడు లేవగానే ఒక చిన్న తెల్ల మాత్ర నీళ్లతో మింగి, టీ కోసం గడియారం చూస్తూ కూర్చోవాలి. మా ఆయన మాత్రం సరిగ్గా నా ఎదురుగా కుర్చీ వేసుకుని, అల్లం వాసన నా ముక్కుకు తగిలేలా ఊదుకుంటూ తాగుతారు. "సిస్టర్ గారికి ఇంకా పర్మిషన్ రాలేదా?" అని పైగా వెటకారం. ఒళ్లు మండుతుంది. అయినా మాత్రకీ టీకీ మధ్య ఆ కాస్త వ్యవధిని నేను ఒక్కరోజు కూడా తగ్గించలేదు. ఎందుకు తగ్గించనో చెప్పాలంటే లాల్‌ఖదాన్‌లోని ఒక ఇంటి గురించి చెప్పాలి.

కొత్తగా నర్సు ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు దయాల్‌బంద్‌లో మా ఇంటికి వస్తుంటారు. "ఆంటీ, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. వాళ్లకు కావలసింది రక్తం, పరుగులు, ఆపరేషన్ థియేటర్ ముందు ఎర్ర దీపం. నేను అంబలి గురించి చెబుతాను. మొహాలు వాడిపోతాయి. మీరు కూడా వాళ్లలాంటివాళ్లే అయితే కాస్త ఓపిక పట్టండి. ఆ అంబలి గిన్నె నన్ను భయపెట్టినంతగా ఏ ఎర్ర దీపమూ భయపెట్టలేదు.

నేను పనిచేసింది బిలాస్‌పూర్‌లో రైల్వే కుటుంబాల కోసం ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో. బుధవారం గర్భిణుల రోజు. బరువు, బీపీ చూడటం, రక్తం తీయించడం, డాక్టరమ్మ రాసిన మందులు ఎలా వాడాలో చెప్పడం నా పని. వచ్చేవాళ్లలో చాలామంది మావాళ్లే. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి లోకో షెడ్డులో పనికో, పట్టాలు వేసే గ్యాంగు పనికో వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్లు. అత్తలు తెలుగులో అడిగితే కోడళ్లు హిందీలో జవాబిచ్చేవారు. నేను ఆ రెండింటి మధ్య అటూ ఇటూ పరుగులు పెట్టేదాన్ని.

లాల్‌ఖదాన్ నుంచి వచ్చే ఆ అత్తాకోడళ్లను దూరం నుంచే గుర్తుపట్టేవాళ్లం. అత్తగారు గేటు దగ్గర మాట్లాడితే మందుల గది దాకా వినిపించేది. ఆమె భర్త షెడ్డులో ఫిట్టరుగా చేసి పోయాడు. కొడుకు బొగ్గు బండ్ల మీద అసిస్టెంట్ లోకో పైలట్. ఎప్పుడు వెళతాడో, ఎప్పుడు తిరిగొస్తాడో అతని ఫోనుకే తెలియాలి. కోడలు మాత్రం నోట్లో నాలుక లేని పిల్ల. ఇక్కడే పుట్టి పెరిగింది, ఏం అడిగినా "జీ దీదీ" అనడమే తప్ప రెండో మాట ఉండేది కాదు. మిగతా ఆడవాళ్లు చెమటలు కక్కుతూ కొంగుతో విసురుకుంటుంటే, ఆ పిల్ల ఫ్యాను కింద నుంచి లేచి వెళ్లి, శాలువా కప్పుకుని గోడ వారగా కూర్చునేది. బిలాస్‌పూర్ ఎండల్లో శాలువా!

చలి, నిద్రమత్తు, ఉబ్బిన మొహం, ఊడిపోయే జుట్టు. థైరాయిడ్ తక్కువగా ఉందని రక్తపరీక్ష చెప్పకముందే ఆ శాలువా చెప్పింది. మామూలు మనిషికైతే అది మెల్లగా సరిచేసుకోగల జబ్బు. కడుపుతో ఉన్నవాళ్లకు అలా కాదు. మొదటి నెలల్లో బిడ్డకు సొంత గ్రంథి పని మొదలుపెట్టదు. తల్లి ఒంట్లో తయారైనదే బిడ్డకూ ఆధారం, ఆ బిడ్డ మెదడు పెరగాలన్నా అదే కావాలి. తల్లి దగ్గరే కరువైతే బిడ్డకు ఏం అందుతుంది? పైగా ఆ పిల్లకు అది రెండో కడుపు. అంతకు ముందు ఏడాది ఆలస్యంగా మా దగ్గరికి వచ్చారు, అప్పుడే థైరాయిడ్ తెలిసింది, మాత్రలు మొదలుపెట్టాం. మళ్లీ పరీక్ష చేసే సమయం రాకముందే ఐదో నెలలో బిడ్డ పోయింది. ఆ రోజు వార్డు నుంచి ఖాళీ చేతులతో ఇంటికి నడుస్తూ ఆ అత్తగారు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. అంత గొంతున్న మనిషి మాట్లాడకపోతే ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను.

అందుకే రెండోసారి నెల తప్పగానే పరుగెత్తుకొచ్చారు. మా డాక్టరమ్మ హిందీ ఆవిడ, మాట కరుకు గానీ మనసు మంచిది. రోజూ ఉదయం పరగడుపున మాత్ర వేసుకోవాలని తానే చెప్పింది. నేను తెలుగులో మళ్లీ చెప్పాను. అత్తగారు తల ఊపింది. కోడలు "జీ" అంది.

కొన్ని వారాలకు మళ్లీ రక్తం తీశాం. థైరాయిడ్ తక్కువైన కొద్దీ పెరిగే అంకె ఒకటి ఉంటుంది, టీఎస్‌హెచ్ అంటారు. అది దిగాలి. దిగలేదు సరిగదా, కాస్త ఎక్కింది. డాక్టరమ్మ డోసు పెంచింది. తరువాతిసారి ఇంకా ఎక్కింది. మళ్లీ పెంచింది. మా ల్యాబులో అబ్బాయి తన మిషన్ మీదే అనుమానం వచ్చి, అదే రక్తాన్ని రెండోసారి పరీక్షించాడు. అదే అంకె వచ్చింది.

"రోజ్ ఖాతీ హో?" అని డాక్టరమ్మ గట్టిగా అడిగింది.

"జీ మేడమ్, రోజ్."

"ఖాలీ పేట్?"

"జీ. కుఛ్ నహీఁ ఖాతీ ఉస్‌సే పహలే."

రోజూ పరగడుపునే వేసుకుంటోందట, అంతకు ముందు ఏమీ తినడం లేదట. అత్తగారు బెంచీ మీద నుంచి లేచి, చెంగు ముడి విప్పి, ఖాళీ అయిన మాత్రల స్ట్రిప్పులన్నీ టేబుల్ మీద కుప్ప పోసింది. "సూడండమ్మా, ఒక్కటి ఉంటే నన్నడగండి. దగ్గరుండి నాను వేత్తన్నాను" అంది. నిజమే, ఒక్క గూటిలోనూ మాత్ర లేదు. అయినా అంకె దిగడం లేదు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతూ ఉండాలి అన్నట్టు డాక్టరమ్మ నా వైపు చూసింది.

మా ఆయాకు మాత్రం అనుమానమే లేదు. ఆవిడకు ఊళ్లో అందరి ఇళ్ల సంగతులూ తెలుసునని నమ్మకం. "అత్తే పారేత్తన్నాదమ్మా. నోరు సూడలేదేటి? కోడల్ని బతకనిచ్చే మొగమేనా అది?" అని నా చెవిలో చెప్పింది. నేను ఆవిడను కసురుకున్నాను. కానీ నిజం చెప్పొద్దూ, ఆ మాట నా బుర్రలో నాటుకుపోయింది. నిద్రపోయే ముందు నెలలు లెక్కపెట్టుకునేదాన్ని. నాలుగో నెల నడుస్తోంది. ఐదోది వస్తోంది. 

ఒక బుధవారం డాక్టరమ్మ తేల్చేసింది. "వార్డులో ఉంచుదాం. మాత్ర మనమే వేద్దాం, మన కళ్ల ముందే. అప్పుడు కూడా దిగకపోతే రాయ్‌పూర్ పెద్దాసుపత్రికి పంపిద్దాం."

అత్తగారు ఆ మాట వినగానే కోడలి చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. "పోయినసారి ఈ వార్డులో ఎట్టినాను నా కోడల్ని. ఏటి తీసుకెల్లినాను ఇంటికి? ఒట్టి సేతుల్తో ఎల్లినాను. మల్లీ ఎట్టను." డాక్టరమ్మకు తెలుగు రాకపోయినా ఆ గొంతులో ఉన్నది అర్థమైంది. ఆవిడా గొంతు పెంచింది. బిడ్డకు ఏమైనా అయితే బాధ్యత ఎవరిదని అడిగింది. కోడలు శాలువాలో ముడుచుకుపోయి నేల చూస్తూ నిలబడింది. ఆ ఇద్దరూ వెళ్లిపోయాక డాక్టరమ్మ నన్ను పిలిచి, "మీ వాళ్లే కదా, రేపు పొద్దున వాళ్లింటికి వెళ్లి ఎలాగైనా ఒప్పించి తీసుకురా" అంది. మీ వాళ్లే కదా అనే మాట పొగడ్త కాదని నాకు తెలుసు.

మర్నాడు డ్యూటీకి ముందు స్కూటీ మీద బయలుదేరాను. దారి పొడుగునా ఆమెతో ఏం మాట్లాడాలో నాలో నేనే కూడబలుక్కుంటూ వెళ్లాను. ముందు మంచిగా చెప్పాలి, వినకపోతే బెదిరించాలి, కొడుక్కి ఫోను చేస్తాననాలి. లాల్‌ఖదాన్‌లో వాళ్ల సందు రైలు పట్టాల పక్కనే. అవతల ఒక బొగ్గు బండి ఎంతకీ తెగకుండా సాగిపోతుంటే ఇళ్ల రేకులన్నీ అదురుతున్నాయి. 

అత్తగారు తలుపు తీసి, నన్ను చూసి తెల్లబోయింది. "ఏటి సిస్టరమ్మా, ఇంత పొద్దున్నే! ఏటైనా రిపోటు వొచ్చీసిందేటి?" అంది. రిపోర్టు కాదు, ఊరికే వచ్చానన్నాను. నమ్మలేదు. అయినా లోపలికి పిలిచి పీట వేసింది. మా వైపు అక్కను అప్ప అంటాం. నేను ఆమెను అలాగే పిలిచేదాన్ని. "అప్పా, మాత్ర వేశావా కోడలికి?" అని అడిగాను.

"ఇంకా లేదు. మంచికే వొచ్చినావు. నీ ముందే వేత్తాను, నీ కళ్లతో సూసి ఆ డాక్టరమ్మకి సెప్పు. ఆవిడికి నా మీద అనుమానం" అంది. గొంతులో రోషం కంటే బాధే ఎక్కువగా ఉంది. నా మొహం చిన్నబోయింది, ఎందుకంటే అనుమానం నాకూ ఉంది.

పొయ్యి మీద గిన్నెలో చోడి అంబలి, అంటే రాగి జావ, ఉడుకుతోంది. ఆ వాసనకు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. చోళ్లు ఎక్కడ దొరుకుతున్నాయని మాట కలిపాను. సదర్ బజార్‌లో ఒక కొట్టువాడు తెప్పిస్తాడట, ఇక్కడివాళ్లు మడియా అంటారట, రాళ్లు ఏరి కడిగి ఎండబెట్టి తానే పిండి పట్టిస్తుందట. చెబుతూనే అంబలి దించి, చల్లార్చి, చిక్కటి మజ్జిగ పోసి కలిపింది. కోడలు మొహం కడుక్కుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె ఇంకా ఏమీ తినలేదు. తినలేదన్న మాట అక్షరాలా నిజం.

అప్పుడు అత్తగారు అల్మారాలోంచి మాత్రలు తీసింది. చిన్న తెల్లది థైరాయిడ్‌ది. ఎర్రది రక్తం పట్టడానికి ఇచ్చే ఐరన్. పెద్ద తెల్లది కాల్షియం. మూడింటినీ ఒక స్టీలు గిన్నెలో వేసి, గరిటె వెనక భాగంతో మెత్తగా నూరింది. గరిటెకు అంటుకున్న పొడిని కూడా వేలితో తుడిచి గిన్నెలోకి రాల్చింది. ఒక్క రవ్వ కూడా పోనివ్వలేదు. ఆ పొడినంతా లోటాలోని అంబలిలో వేసి కలపడం మొదలుపెట్టింది. అంబలి రంగులో ఎర్ర మాత్ర ఆనవాలు కూడా లేకుండా పోయింది.

నా చెయ్యి నాకు తెలియకుండానే ఆమె చెయ్యి పట్టుకుంది. "అప్పా, ఆగు. రోజూ ఇలాగే ఇస్తున్నావా?"

"ఇలాగే. మరేటి? మాత్ర ఉత్తినే మింగితే కక్కీసేది ఈ గుంట. ఎట్టిన మందు నేలపాలైపోతే బిడ్డకేటి అందుతాది? అందుకే అంబట్లో కలిపి తాగించెత్తన్నాను. సుక్క వొదలదు." తరువాత నా మొహం చూసి గొంతు తగ్గించింది. "కడుపుతో ఉన్నదానికి పరగడుపున మందేటి సిస్టరమ్మా, పేగులు మాడిపోవా? ఒకసారి కడుపు పోయిన పిల్ల. మా అత్త నాకు అలాగే సేసినాది. లేవగానే ఇంత అంబలి కడుపులో పడాల, అప్పుడే ఏదైనా."

"ఏమీ తినలేదని చెప్పిందే నీ కోడలు?"

"తింటం ఎక్కడ? అంబలేగా తాగినాది."

ఆ మాటకు నేను నవ్వలేకపోయాను, తప్పుపట్టలేకపోయాను. మా ఇళ్లలో అంబలిని ఎవరూ తిండి కింద లెక్కపెట్టరు. ఉపవాసం ఉన్న రోజున కూడా మా నాన్న అంబలి తాగి పనికి వెళ్లేవాడు, ఉపవాసం చెడిందని ఎవరూ అనలేదు. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు ఆ పిల్ల నిజమే చెప్పింది. స్ట్రిప్పులు కూడా నిజమే చెప్పాయి. ఆ ఇంట్లో అబద్ధం ఆడినవాళ్లు ఎవరూ లేరు.

నర్సు చదువులో ఇది చెబుతారు. థైరాయిడ్ మాత్ర ఒంటరిగా, ఖాళీ కడుపున, నీళ్లతో వెళ్లాలి. ఐరన్, కాల్షియం దాని పక్కన ఉంటే అవి దాన్ని పట్టుకుని ఒంటికి పట్టకుండా చేస్తాయి. పాలూ మజ్జిగా చోళ్లూ కూడా అడ్డమే. ఆమె ఎంత శ్రద్ధగా నూరి, ఎంత బాగా కలిపితే, మాత్ర అంతగా పనికిరాకుండా పోయింది. కోడలు ఆ ఐరన్, కాల్షియం పారేసే రకం అయివుంటే, ఎంతో కొంత మందు ఒంటికి పట్టేదేమో. ఆ ఇంట్లో మందు వృథా అయింది నిర్లక్ష్యం వల్ల కాదు, ప్రేమ వల్ల.

ఆ సంగతి ఎంత మెల్లగా చెప్పాలో అంత మెల్లగా చెప్పాను. ఆమె విని లేచింది. లోటా తీసుకుని పెరట్లోకి వెళ్లి, అంబలంతా తూములో ఒంపేసి, నీళ్లు కొట్టి కడిగి, తిరిగొచ్చి నా ఎదురుగా చతికిలబడింది. బయట ఇంకో బండి కూత వేసింది. అది పోయేదాకా ఆగి అడిగింది.

"అయితే పోయినసారి కూడా ఇలాగే కలిపి తాగించినాను గదా. ఆ బిడ్డ నా సేత్తోనే పోయినాదేటి?"

సర్వీసులో నన్ను చాలామంది చాలా అడిగారు. అలాంటి ప్రశ్న ఇంకెవరూ అడగలేదు. కాదు అని చెప్పేయాలని నోటి చివరదాకా వచ్చింది. కానీ ఆమె కళ్లు నా మొహం మీదే ఉన్నాయి, అబద్ధం చెబితే పట్టేసేది. "తెలీదప్పా. నిజంగా నాకు తెలీదు. కడుపు పోవడానికి సవాలక్ష కారణాలు ఉంటాయి. అప్పటికి మాత్రలు మొదలుపెట్టి ఎన్నో రోజులు కూడా కాలేదు" అన్నాను. ఆమె వింది. ఆమెకు వినిపించింది మాత్రం తెలీదు అన్న మాట ఒక్కటే అని నాకు అర్థమైంది.

నేను ఒప్పించవలసిన అవసరమే రాలేదు. మూడు మాత్రలూ నూరి మజ్జిగలో కలుపుతోందని నేను డాక్టరమ్మకు చెప్పేసరికే, ఆమె కోడలి బట్టలు సంచీలో సర్దుకుని ఆ రోజే ఆసుపత్రికి వచ్చేసింది. "ఉంచీసుకోండి మేడమ్ దీన్ని. నా ఇంట్లో వొద్దు. నా సేతిమీద నాకు నమ్మకం లేదు" అంది. నేను హిందీలో చెప్పబోతుంటే నన్ను ఆపి, తనకు వచ్చిన హిందీలో తానే నేరుగా అదే ప్రశ్న అడిగింది. "మేడమ్, వో బచ్చా హమారే హాథ్ సే గయా క్యా?"

 ముందురోజు ఆ మనిషి మీదే గొంతు పెంచిన సంగతి డాక్టరమ్మకు గుర్తొచ్చినట్టుంది. లేచి వచ్చి ఆమె పక్కన బెంచీ మీద కూర్చుంది. ఆవిడ రోగుల బెంచీ మీద కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం. "అమ్మా, ఆ బిడ్డ ఎందుకు పోయిందో నాకు కూడా తెలియదు. మాత్ర రాసింది నేను. ఎలా వేస్తున్నారో, దేనితో వేస్తున్నారో ఒక్కసారి కూడా అడగనిది కూడా నేనే" అని హిందీలో, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా చెప్పింది. "ఇంటికి తీసుకెళ్లండి. మీ అంత జాగ్రత్తగా ఇక్కడ ఎవరూ చూడరు." మా ఆయా తలుపు దగ్గర నిలబడి అంతా వింది. ఆ పూటంతా ఆవిడ నోరు విప్పలేదు, అది కూడా మా ఆసుపత్రిలో చెప్పుకోదగ్గ సంగతే.

ఇక్కడితో అంతా చక్కబడిపోయిందని అనుకోకండి. అసలు భయం అప్పుడే మొదలైంది. పెంచుకుంటూ పోయిన డోసంతా ఇప్పుడు ఒక్కసారిగా ఒంటికి పడితే తల్లికి గుండెదడ పట్టుకోవచ్చు. అందుకని డాక్టరమ్మ డోసు తగ్గించి, త్వరగానే మళ్లీ రక్తం తీయమంది. థైరాయిడ్ మాత్ర లేవగానే, నీళ్లతో. ఐరన్ మధ్యాహ్నం భోజనం అయ్యాక. కాల్షియం రాత్రి. అయినా గడిచిపోయిన నెలల మాటేమిటి? బిడ్డకు అత్యవసరమైన ఆ మొదటి నెలలను ఏ మాత్రా వెనక్కి తేలేదు. స్కానింగులో బిడ్డ బాగానే ఉందన్నారు. స్కానింగుకు గుండె కనబడుతుంది, చేతులూ కాళ్లూ కనబడతాయి. మెదడు ఎంత నేర్చుకోగలదో అందులో కనబడదు. ఆ సంగతి డాక్టరమ్మకు తెలుసు, నాకు తెలుసు. ఆ అత్తగారికి చెప్పకపోయినా, ఎలాగో ఆమెకూ తెలిసిపోయింది.

ఆమె గొంతు తగ్గిపోయింది. గేటు దగ్గర కేకలు లేవు. చోళ్ల డబ్బా పక్కింటివాళ్లకు ఇచ్చేసిందని, కోడలికి వండిపెట్టడం కూడా మానేసి ఆ పక్కింటావిడ చేతే వండిస్తోందని తెలిసింది. తాను ఏం ముట్టుకుంటే ఏమవుతుందోనని భయం. ఐదో నెల అలా నడిచింది. నేను ప్రతి బుధవారం వాళ్లు కనబడేదాకా గేటు వైపే చూసేదాన్ని. శాలువా కనబడగానే ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఒక బుధవారం ఆ శాలువా కూడా లేకుండా వచ్చింది కోడలు. రక్తం ఇచ్చి బెంచీ మీద కూర్చుంది. అత్తగారు కాస్త ఎడంగా కూర్చుంది. ఉన్నట్టుండి ఆ పిల్ల నోరు విప్పింది, అదీ సగం తెలుగులో, అంతమందిలో. "అత్తా, కల్ సే నాకు అంబలి కావాలి."

రేపటి నుంచి అంబలి అనేసరికి అత్తగారు ఉలిక్కిపడింది. "వొద్దు తల్లీ."

"మాత్ర నేనే వేసుకుంటాను. మొబైల్‌లో అలారం పెట్టుకున్నాను. తరువాత, పని అంతా అయ్యాక, అప్పుడు అంబలి. నువ్వే చెయ్యాలి. పడోస్‌వాలీ ఆంటీ చేస్తే ఉండలు కడతాది." కాస్త ఆగి, కడుపు మీద చెయ్యి వేసుకుని, "ఇస్‌కో భూఖ్ లగ్‌తీ హై" అంది. బిడ్డకు ఆకలేస్తోందట. అత్తగారు ఏడవడం అప్పుడు చూశాను. ఆ సాయంత్రమే సదర్ బజార్ వెళ్లి చోళ్లు కొనుక్కుందని తరువాత తెలిసింది. పక్కింటివాళ్లకు ఇచ్చినవి తిరిగి అడగడం మర్యాద కాదట.

ఆ రోజు రక్తంలో అంకె సగానికి దిగింది. తరువాతిసారి ఇంకా దిగింది. ల్యాబు అబ్బాయి రిపోర్టు చేతికి ఇవ్వడానికి కాగితం ఊపుకుంటూ వరండాలోకి వచ్చాడు. డాక్టరమ్మ దాన్ని చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూసి పక్కన పెట్టింది. ఆవిడ సంతోషం అలాగే ఉండేది.

నెలలు నిండాకే పుట్టింది, ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది, నాయనమ్మ గొంతే. అందరం నవ్వాం. కొడుకు ఎక్కడో దారిలో ఉన్నాడు, ఫోనులో ఏడుపు వినిపించాం. కానీ బిడ్డను తీసుకొచ్చి అత్తగారి చేతికి ఇవ్వబోతే ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"పాపకీ రత్తం తీత్తారట గదా, థైరాయిడు సూడ్డానికి? ఆ రిపోటు రానీ. అది వొచ్చేదాకా నాను ముట్టను."

ఎంత చెప్పినా వినలేదు. పాప మడమ దగ్గర రక్తం తీశాం. రిపోర్టు బయట నుంచి రావాలి, వెంటనే రాదు. ఆ మధ్య రోజులన్నీ ఆమె వార్డులో మంచం పక్కనే కూర్చుంది. కోడలికి సేవలు చేసింది, గుడ్డలు ఉతికింది, పాప పడుకుంటే దోమలు విసిరింది. బిడ్డను మాత్రం వేలితో కూడా తాకలేదు. ఒకసారి పాప ఏడుస్తుంటే ఆమె చేతులు వాటంతటవే లేచాయి, మళ్లీ దించుకుంది. అది చూడలేక నేను బయటికి వచ్చేశాను.

రిపోర్టు వచ్చిన పూట డాక్టరమ్మ దాన్ని నాకు ఇచ్చి, "నువ్వే చెప్పు" అంది. ఈసారి "మీ వాళ్లే కదా" అనలేదు. వార్డుకు వెళ్లేసరికి ఆమె నా మొహం చూసి లేచి నిలబడింది. "బాగుందప్పా. పాపకు అంతా బాగుంది" అన్నాను. ఆ పరీక్ష అన్నీ చెప్పలేదని నాకు తెలుసు. పాప ఎలా పెరుగుతుందో కళ్లతో చూస్తూ ఉండాల్సిందేనని కూడా చెప్పాను. ఆమె తల ఊపింది. వాష్ బేసిన్ దగ్గరికి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది, చీర కుచ్చెళ్లకు తుడుచుకుని వచ్చి చేతులు చాచింది. నేను బిడ్డను ఇచ్చాను. ఆ మొహంలోకి చూస్తూ కూర్చుంది.

తరువాత తలెత్తి, నన్ను కాదు, తలుపు దగ్గర నిలబడ్డ డాక్టరమ్మను, తనకు వచ్చిన హిందీలో అడిగింది.

"మేడమ్, ఇస్‌కో అంబలి కబ్ దేనా? ఔర్ కిస్‌కే సాథ్?"

ఎప్పుడు పెట్టాలి, దేనితో పెట్టాలి. డాక్టరమ్మ అంబలి అంటే ఏమిటో నన్ను అడిగి తెలుసుకుంది. తెలుసుకున్నాక లోపలికి వచ్చి, ఆమె పక్కనే మంచం అంచున కూర్చుని, ఆరు నెలలు నిండాక అని మొదలుపెట్టి, ఒక్కొక్కటే చెప్పింది.